నిప్పు లేని పొయ్యి

వంట యనగా నిప్పు అను భావము మన భాషలోనే నాటుకొని యున్నది. ఇంట వంట సాగకున్నచో పొయ్యిలో పిల్లి లేవలేదందుము. జీవనము గడచుచున్నదని చెప్పుటకు పొయ్యి వెలుగుచున్నదందుము. ఇట్టి పలుకుబడులన్నిటను నిప్పే ప్రధానము. అట్లుండగా నేడు మన యిండ్లలో ఎందఱో నిప్పు లేని పొయ్యిపై అన్నము వండుచున్నారు. నల్లని గాజుపలకవలె నుండు ఆ పొయ్యిపై మంట కానరాదు. ఎఱ్ఱగా కాలు తీగయు కానరాదు. గిన్నె పెట్టనంతవఱకు ఆ పలక చల్లగనే యుండును. తగిన గిన్నె పెట్టి మీట నొక్కినచో కొలది నిమిషములలో నీరు మరుగును. దీనినే మనము ఇండక్షన్ పొయ్యి అనుచున్నాము.

అంగడిలో నిన్న మొన్న వెలసిన వస్తువువలె ఇది తోచును గాని, దీని కథకు రెండు వందల యేండ్లకు పైబడిన వయస్సు కలదు. ఈ పొయ్యి కొనదలచిన గృహస్థునకు తట్టు సందేహములకు సమాధానములు ఆ కథలోనే యున్నవి. మా గిన్నెలు దీనికి పనికివచ్చునా? మా యింటి తీగలు దీనిని భరించునా? గ్యాసుకంటె ఇది మేలా? వీనికి సమాధానము తెలియవలెనన్న, ఈ పొయ్యి ఎవరి ఆలోచనలలో పుట్టి, ఎట్లు మన వంటగట్టు మీదికి వచ్చెనో తెలిసికొనుట మంచిది.

1798వ సంవత్సరము జనవరి మాసములో లండనులోని రాయల్ సొసైటీ పండితుల యెదుట ఒక వింత ప్రయోగము వివరింపబడెను. దానిని చేసినవాడు బెంజమిన్ థాంప్సన్. ఆయనయే కౌంట్ రంఫర్డ్ అను బిరుదనామముతో ప్రసిద్ధుడు. 1753లో అమెరికాలోని మసాచుసెట్స్ ప్రాంతమున పుట్టి, తరువాత బవేరియా ప్రభువు కొలువులో చేరి, మ్యూనిచ్ నగరములోని ఆయుధశాలలో ఫిరంగులు తొలుచు పనిని పర్యవేక్షించుచుండెను. తొలుచునపుడు లోహము అమితముగ వేడెక్కుట ఆయన గమనించెను. ఆ లోహము చుట్టు నీటి తొట్టి కట్టించి, మొద్దుబారిన ములికిని గుఱ్ఱముల బలముచే దానిపై రాపిడి కలుగునట్లు చేయించెను. సుమారు ఎనిమిదిన్నర కిలోల నీరు రెండున్నర గంటలకు కళపెళ మరుగ నారంభించెను. నిప్పు లేకయే అంత నీరు మరుగుట చూచి చుట్టు నిలిచినవారు నివ్వెఱపోయిరని ఆయన తన వ్యాసములో వ్రాసెను. వేడి యనునది ఒక పదార్థము కాదనియు, కదలికయే వేడిమిగా పరిణమించుననియు ఆయన వాదము.

ఈ రంఫర్డే వంటశాలలను గూర్చియు చాల కృషి చేసెను. ఆనాటి ఐరోపా వంటిండ్లలో తెఱచిన పొయ్యిలో పెద్ద మంట వేసి వండెడివారు. ఆ వేడిలో ఎక్కువ పాలు గిన్నెను చేరక పొగగొట్టముగుండ పోవుచున్నదని ఆయన కనుగొనెను. ఇటుకలతో పొయ్యిని మూసి కట్టి, ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క చిన్న నిప్పు నేర్పరచు పద్ధతిని ప్రచారము చేసెను. వేడి గిన్నెలోనికి పోవలెను గాని గాలిలోనికి పోరాదు: ఇది ఆయన కోరిక. తరువాతి కాలమున వచ్చిన పొయ్యిలన్నియు ఈ కోరికను కొంత కొంతగా తీర్చినవే.

రంఫర్డ్ పూనికవలననే 1799లో లండనులో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను విజ్ఞానసంస్థ వెలసెను. ఆ సంస్థలో 1813లో ఒక సహాయకుడు చేరెను. కమ్మరి కుమారుడై, పుస్తకములు జిల్దు కట్టు దుకాణములో పని నేర్చి, ఆ పుస్తకములనే చదివి శాస్త్రజ్ఞుడైన మైఖేల్ ఫారడే ఆయన. 1831 ఆగస్టు 29వ తేదీన ఫారడే మెత్తని ఇనుప కడియము నొకదానిని తీసికొని, దానికి ఇరువైపుల రెండు రాగితీగ చుట్టలు చుట్టెను. ఒక చుట్టను బ్యాటరీకి కలిపెను. రెండవ చుట్ట కొనలను సూచిముల్లు గల పరికరమునకు తగిలించెను. రెండు చుట్టలకు నడుమ తీగ సంబంధము లేదు. ఐనను మొదటి చుట్టలో విద్యుత్తును ప్రవేశపెట్టిన క్షణమునను, నిలిపివేసిన క్షణమునను రెండవ వైపు ముల్లు చలించెను. విద్యుత్తు నిలకడగా పాఱుచున్నంతసేపు ముల్లు కదలలేదు. అయస్కాంతబలము మాఱునపుడు మాత్రమే, తాకకుండ నున్న తీగలో విద్యుత్తు పుట్టుచున్నదని దీనివలన తేలెను. ఈ ధర్మమునకు విద్యుత్ ప్రేరణ యని పేరు. ఇంగ్లీషున ఇండక్షన్ అందురు. మన పొయ్యికి ఆ పేరు వచ్చినది ఇందువలననే.

ఫారడే కనుగొన్నదానిలో వంటకు పనికివచ్చు అంశము వెంటనే బయటపడలేదు. 1855లో పారిస్ నగరమున లేయోఁ ఫూకో అను శాస్త్రజ్ఞుడు బలమైన అయస్కాంతపు కొనల నడుమ రాగి పళ్ళెరమును త్రిప్పి చూచెను. పళ్ళెరమును త్రిప్పుట కష్టమయ్యెను. పట్టుబట్టి త్రిప్పగా పళ్ళెరము వేడెక్కెను. లోహపు ముద్దలో ప్రేరణచే పుట్టిన విద్యుత్తు బయటికి పోవు త్రోవ లేక, ఏటిలోని సుడులవలె లోపలనే తిరుగుచు లోహమును వేడి చేయుచున్నది. వీనిని సుడిప్రవాహములందురు. విద్యుత్ యంత్రములు నిర్మించువారికి ఈ సుడులు తొలుత పెద్ద తలనొప్పియే అయ్యెను. ఇంధనమంతయు వృథాగా వేడియై పోవుచుండుటచే, వానిని అణచుటకు ఇనుమును పలుచని రేకులుగా కోసి పేర్చు పద్ధతిని అవలంబించిరి. మన రేడియోలోని ట్రాన్స్‌ఫార్మరు రేకుల దొంతరగా నుండుటకు కారణమిదియే.

ఒకరికి నష్టమైనది వేఱొకరికి లాభమయ్యెను. స్వీడను దేశములోని యీసింగే అను ఊర 1900లో షెలీన్ అను ఇంజనీరు ఈ సుడులతోనే ఉక్కును కరిగించు కొలిమిని నడపెను. 1916లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఎడ్విన్ నార్త్రప్ అను ఆచార్యుడు మిక్కిలి వేగముగ దిశ మాఱు విద్యుత్తుతో పనిచేయు మేలైన కొలిమిని నిర్మించెను. ఉక్కునే నీరుగార్చు శక్తి ఒక గిన్నెడు నీటిని కాచలేదా? కాచగలదు. కాని కార్ఖానాలో గది నిండ నిలువు యంత్రము వంటింటి గట్టుపై ఇముడవలెనన్నచో అర్ధశతాబ్దముపైగా కాలము పట్టెను.

ఈలోపల విద్యుత్తు వేఱొక రూపమున వంటింట ప్రవేశించెను. 1892లో కెనడాలోని ఒట్టావా నగరమున విండ్సర్ హోటలులో థామస్ అహెర్న్ అను విద్యుద్వ్యాపారి సంపూర్ణముగ విద్యుత్తుతో వండించిన విందు నేర్పాటు చేసెను. మఱుసటి యేడు షికాగో ప్రపంచ ప్రదర్శనములో విద్యుత్ వంటిల్లు ప్రదర్శింపబడెను. అయితే ఆనాటి తీగలు ఎఱ్ఱగా కాలి త్వరలోనే తెగిపోవుచుండెను. ఆల్బర్ట్ మార్ష్ అను లోహశాస్త్రజ్ఞుడు నికెలు, క్రోమియముల మిశ్రమలోహమునకు 1906లో పేటెంటు పొందిన తరువాత ఈ చిక్కు తీరెను. ఆ నిక్రోము తీగయే మన యిస్త్రీపెట్టెలలోను, నీళ్ళ హీటర్లలోను చోటుచేసికొనెను. మట్టిపలక గాడిలో చుట్టలుగ అమర్చిన ఆ తీగ పొయ్యిలు మన పట్టణములలో చాలకాలము వాడుకలో నుండెను. తీగ బయటికి కనబడుచుండుటచే గరిట తగిలినను, పాలు పొంగి పడినను ప్రమాదమే. వేడియు మొదట తీగకు, తీగనుండి గాలికి, పిదప గిన్నెకు చేరవలసియుండెను. రంఫర్డ్ కోరిక అప్పటికిని పూర్తిగా తీరలేదు.

1950ల దశాబ్ది నడిమిభాగమున అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఫ్రిజిడేర్ శాఖ ఊరూర తిరుగు ప్రదర్శనములో ఒక విచిత్రమును జనులకు చూపెను. పొయ్యిపై వార్తాపత్రికను పఱచి, దానిపై నీళ్ళగిన్నె నుంచిరి. నీరు మరిగెను, పత్రిక కాలలేదు. మ్యూనిచ్‌లో గుఱ్ఱములతో రంఫర్డ్ చూపిన ఆశ్చర్యమును వీరు మీట నొక్కి చూపగలిగిరి. ఆ పొయ్యి అంగడికి రాలేదు. 1971లో హూస్టన్ నగరమున జరిగిన గృహనిర్మాతల సమావేశములో వెస్టింగ్‌హౌస్ వారు తమ యిండక్షన్ పొయ్యిని ప్రదర్శించిరి. 1973 మొదలు 1975 వఱకు దానిని తయారుచేసి అమ్మిరి. వెల 1,500 డాలర్లు. ఆ వెలలోనే, ఆ పొయ్యికి తగిన వంటపాత్రలును కలసియుండెను. పొయ్యితోపాటు గిన్నెలుకూడ ఇచ్చుట ఔదార్యము కాదు, అవసరము. ఆ గిన్నెలు లేనిచో ఆ పొయ్యి ఉత్త గాజుపలకయే.

అట్టి ఖరీదైన వస్తువు సామాన్యుల ఇంటికి వచ్చుటకు రెండు నూతన సాధనములు తోడ్పడినవి. మొదటిది పైపలక. 1953లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో డోనల్డ్ స్టూకీ అను శాస్త్రజ్ఞుడు ఒక గాజుముక్కను 600 డిగ్రీల వేడిమి పెట్టదలచి కొలిమిలో నుంచెను. కొలిమి చెడి వేడిమి 900 డిగ్రీలకు పెరిగెను. గాజు కరిగిపోయి యుండునని తలుపు తెఱచి చూడగా, అది కరుగక తెల్లని పలకగ మాఱియుండెను. పట్టుకారునుండి జాఱి నేలపై పడినను పగులక ఖంగున మ్రోగెను. గాజుకును పింగాణికిని నడుమ నున్న ఈ పదార్థజాతిలోనిదే నేటి పొయ్యి పైపలక. అది వేడిని సహించును, అయస్కాంతబలమును అడ్డగింపదు.

రెండవది విద్యుత్తు దిశను వేగముగ మార్చు చిన్న అర్ధవాహకపు మీట. మన యింటికి వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు చేయును. పొయ్యికి సెకనుకు ఇరువది వేలకు పైబడిన ఆవర్తనములు కావలెను. అంతకంటె తక్కువైనచో గిన్నె చెవికి వినబడునట్లు కీచుమనును, వేడియు చాలదు. అంత పెద్ద విద్యుత్తును అంత వేగముగ కలుపుచు తెంచుచు నుండుటకు తగిన సాధనము ఐ.జి.బి.టి. అను ట్రాన్సిస్టరు. 1980ల తొలినాళ్ళలో దీని రూపకల్పనలో ప్రముఖ పాత్ర వహించినవాడు బి. జయంత్ బలిగా. ఆయన 1948లో మద్రాసులో జన్మించి, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థలో పనిచేసెను. 2024లో ఫిన్లండు దేశపు మిలీనియం టెక్నాలజీ బహుమతి ఆయనకు లభించెను. మన వంటగట్టుపై నున్న చాల పొయ్యిల గర్భమున ఆ ట్రాన్సిస్టరే పనిచేయుచున్నది.

ఇక మన యిండ్ల సంగతి. తెలుగింటి పొయ్యి చరిత్ర ప్రధానముగ ఊపిరి చరిత్ర. కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టముతో ఊది ఊది కన్నులు ఎఱ్ఱవారిన తల్లులను మనలో పెద్దవారందఱు ఎఱుగుదురు. కట్టెల పొయ్యి, పిడకల దాలి, బొగ్గుల కుంపటి, పొట్టు పొయ్యి, కిరసనాయిలు స్టవ్ ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఒక్కొక్కటియు ముందుదానికంటె కొంత పొగను తగ్గించినది. ఏదియు పూర్తిగా తొలగింపలేదు. 1955 ప్రాంతమున బొంబాయిలో బర్మాషెల్ వారు వంటగ్యాసును ఇండ్లకు అందించిరి. 1965లో కలకత్తాలో ఇండేన్ మొదలయ్యెను. గ్యాసు బండ చిరకాలము పట్టణములలో ఉద్యోగుల యిండ్ల వైభవముగనే యుండిపోయెను. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకమును ఆరంభించి గ్రామములలోని మహిళలకు గ్యాసు కనెక్షనులు ఇప్పించెను. 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకము వచ్చెను. ఐనను వంటింటి పొగ అంతరించలేదు. ఇంటిలోని కలుషితపు గాలివలన 2020వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. కావున పొయ్యి మార్చుకొనుట కేవలము వేడుక కాదు. పొయ్యి ముందు నిలుచువారి ఆయుర్దాయమునకు సంబంధించిన విషయము.

ఇండక్షన్ పొయ్యి పనిచేయు తీరు ఇప్పుడు సులభముగ బోధపడును. పలక క్రింద పెద్ద రాగితీగ చుట్ట యుండును. అది ఫారడే మొదటి చుట్ట. రెండవ చుట్టకు బదులు మన గిన్నె అడుగు. అందు ఫూకో సుడులు పుట్టి గిన్నెను వేడి చేయును. అనగా ఇక్కడ పొయ్యి వేడెక్కుట లేదు. గిన్నెయే పొయ్యి యగుచున్నది. పలక వేడెక్కినచో అది గిన్నెనుండి తిరిగి వచ్చిన వేడియే. కావున కొనువారు మొదట పరీక్షింపవలసినది అంగడిలోని పొయ్యిని కాదు, తమ అటకమీది గిన్నెలను.

ఆ పరీక్షకు చిన్న అయస్కాంతపు ముక్క చాలును. గిన్నె అడుగున అది గట్టిగా అతుకుకొన్నచో గిన్నె పనికివచ్చును. ఇనుప అట్లపెనము, అడుగున ఇనుప జాతి పలక గల ఉక్కు గిన్నెలు, కుక్కర్లు చక్కగ పనిచేయును. ఇత్తడి గుండిగ, రాగి చెంబు, కంచు గిన్నె, సత్తు పాత్ర పనికిరావు. ఈ లోహములు విద్యుత్తును మిక్కిలి సులభముగ పాఱనిచ్చునవి, అయస్కాంతమునకు లొంగనివి. నిరోధము లేని చోట వేడి పుట్టదు. మట్టి దాకకును, రాచ్చిప్పకును విద్యుత్తుతో సంబంధమే లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు అంతయు ఒకటి కాదు. నికెలు పాలెక్కువ గల ఉక్కు అయస్కాంతమునకు అతుకదు. అంగడివాడు స్టీలు అన్నంతమాత్రమున నమ్మరాదు.

గిన్నె ఆకారమును చూడవలెను. అడుగు సమముగ నుండవలెను. గుండ్రని అడుగు గల మూకుడు పలకకు ఒక్క చోటనే తాకును. మిగిలిన భాగము దూరమగుటచే సుడులు బలహీనపడును. పోపు గరిటెవంటి చిన్న పాత్రను చాల పొయ్యిలు గుర్తింపనే గుర్తింపవు. మంట లేదు కనుక పుల్కా పొంగదు, అప్పడము కాలదు, వంకాయను కాల్చి పచ్చడి చేయుట కుదురదు. ఇవి చిన్న విషయములని కొందఱందురు. ఇంట వండువారిని అడిగినచో చిన్నవి కావందురు. అమ్మమ్మ పసుపుకుంకుమలతో తెచ్చుకొన్న ఇత్తడి గుండిగలో పొంగలి వండలేని పొయ్యి ఆ యింటికి ఒక వంతు తక్కువదే. అందువలన వివేకవంతులైన గృహిణులు గ్యాసు పొయ్యిని పూర్తిగా తొలగింపక, ప్రక్కన ఒకటి ఉంచుకొనుచున్నారు. ఇది వెనుకబాటు కాదు. కాలము మాఱునపుడు మన పెద్దలు ఎప్పుడును చేసిన పనియే. స్టవ్ వచ్చిన తరువాతను కుంపటి కొన్నాళ్ళు మూలనుండెను గదా!

రెండవ పరీక్ష గోడలోని తీగలది. గట్టుపై పెట్టు ఒంటి పొయ్యి 2,000 వాట్లు తీసికొనుచున్నదనుకొందము. 230 వోల్టుల వద్ద అది సుమారు 8.7 ఆంపియర్లు. దీపములకు, పంకాలకు వేసిన చిన్న ప్లగ్గు దీనిని భరింపదు. పెద్ద పవరు ప్లగ్గునే వాడవలెను. పొడిగింపు తీగలు, ఒకే ప్లగ్గునుండి మూడు సామానులకు కొమ్మలు తీయుట మంచిది కాదు. గట్టులో కోసి అమర్చు నాలుగు గూళ్ళ పెద్ద పొయ్యి పూర్తి బలముతో 7,000 వాట్లు కోరినచో, అది 30 ఆంపియర్లను మించును. దానికి మీటరు పెట్టెనుండి వేఱుగ మందమైన తీగ లాగించి, ప్రత్యేకమైన రక్షణ మీట పెట్టింపవలెను. ఇంటికి మంజూరైన విద్యుత్తు లోడు చాలునో లేదో ముందే విచారించుకొనవలెను. ఎర్తు తీగ సరిగా నుండుట తప్పనిసరి. ఇవన్నియు లైసెన్సు గల విద్యుత్ పనివానిచే చేయింపవలసిన పనులు. చవుకగ వచ్చునని ఎవరో ఒకరిచేత ముడివేయించుకొనుట ఇంటికే ముప్పు.

అమర్చునపుడు మఱికొన్ని జాగ్రత్తలు. పొయ్యి లోపలి చిన్న పంకా చల్లగాలిని పీల్చి వేడిగాలిని వదలును. గ్రానైటు గట్టు క్రింద దానికి ఖాళీ యుండవలెను. పని ముగిసిన వెంటనే గోడమీట కట్టక, ఆ పంకా ఆగువఱకు ఓపిక పట్టవలెను. గాలి రంధ్రములగుండ చీమలు, బొద్దింకలు దూఱుట మన వంటిండ్లలో సామాన్యము. కావున పొయ్యి చుట్టు శుభ్రత ముఖ్యము. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు వైద్యుని అడిగి, ఆయన చెప్పిన దూరమున నిలువవలెను. రేడియో గల యింట ఇంకొక చిన్న చిక్కు. పొయ్యిలోని వేగవంతమైన విద్యుత్తు మీడియం వేవు ప్రసారములలో గరగర శబ్దమును కలిగింపవచ్చును. రేడియోను వంటగట్టునుండి దూరముగ నుంచి, వేఱొక ప్లగ్గుకు తగిలించినచో చాలవఱకు ఇది తగ్గును.

ఖర్చు లెక్క చూతము. లీటరు నీటిని 27 డిగ్రీలనుండి మరుగువఱకు కాచుటకు కావలసిన వేడి యూనిటులో సుమారు పండ్రెండవ వంతు. ఇండక్షన్ పొయ్యి తాను తీసికొన్న విద్యుత్తులో నూటికి 85 పాళ్ళవఱకు గిన్నెకు ఇచ్చును. కావున యూనిటులో పదవ వంతుతో, 2,000 వాట్ల పొయ్యిపై మూడు నిమిషములలో ఆ నీరు మరుగును. 14.2 కిలోల గ్యాసు బండలోని వేడి సుమారు 180 యూనిట్లకు సమానము. అందు నూటికి 60 పాళ్ళు గిన్నెకు చేరుననుకొన్నచో, అదే వంటకు ఇండక్షన్ పొయ్యికి 130 యూనిట్లు చాలవచ్చును. ఆ 130ని మీ యూనిటు ధరతో హెచ్చించి, బండ వెలతో పోల్చి చూచుకొనుడు. ఒక్క మాట మరువరాదు. మన రాష్ట్రములలో వాడకము పెరిగినకొలది యూనిటు ధర మెట్లుమెట్లుగ పెరుగును. కావున మీకు వర్తించు పై మెట్టు ధరతోనే లెక్క వేయవలెను. ఇందువలన ఒక యింట లాభమైనది పొరుగింట నష్టము కావచ్చును. కరెంటు పోయినపుడు సామాన్యమైన ఇన్వర్టరు ఈ పొయ్యిని నడపలేదనియు గుర్తుంచుకొనవలెను.

ఇంతకును పొగ పూర్తిగా పోయినదా? వంటింట పోయినది. కాని ఇంటికి వచ్చు విద్యుత్తు ఎక్కడనో పుట్టవలెను గదా! 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వంటిది నీటినుండి పుట్టును. రామగుండమువంటి చోట్ల బొగ్గునుండి పుట్టును. మన దేశపు విద్యుత్తులో అధికభాగము ఇప్పటికిని బొగ్గుదే. కావున మనము పొగను ఊపిరి దగ్గఱనుండి దూరముగ పంపితిమి గాని మాయము చేయలేదు. ఐనను కట్టెల పొయ్యి ముందు కూర్చున్న తల్లి ముఖముపైకి వచ్చు పొగకును, ఎత్తైన గొట్టము చివర లేచు పొగకును భేదము తక్కువైనది కాదు. ఇంటి పైకప్పుపై సూర్యకాంతినుండి విద్యుత్తు తీయువారు పెరిగినకొలది ఆ దూరపు పొగయు తగ్గును.

గిన్నెలోనికి పోవలసిన వేడి గాలిలోనికి పోరాదని రంఫర్డ్ కోరెను. ఆ కోరిక తీరుటకు ఒక కమ్మరి బిడ్డ, ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, కొలిమి పనివారు, పొరపాటున కాలిన ఒక గాజుముక్క, మద్రాసులో చదివిన ఒక ఇంజనీరు కావలసివచ్చిరి. అంగడిలో పొయ్యిని బేరమాడునపుడు ఇవన్నియు తలచుకొననక్కఱలేదు. చేతిలో ఒక అయస్కాంతపు ముక్కయు, ఇంటి మీటరు బిల్లును పట్టుకొని వెళ్ళినచో చాలును. ఏ పొయ్యి కొనవలెనో నిర్ణయించు అధికారము మాత్రము దాని ముందు దినమునకు రెండు పూటల నిలుచువారిదే. డబ్బు చెల్లించువారు వారిని అడిగి కొనుట ధర్మము.